అందరికీ ఒకటే చీటీ

నా బయోడేటాలో "పైథాన్: సంపూర్ణ ప్రావీణ్యం" అన్న ముక్క రెండేళ్ళపాటు ఉండేది. అది రాసిన రోజున ఆ కంప్యూటరు భాషలో నాకు ఏమొచ్చయ్యా అంటే, నరసరావుపేటలో నలభై అయిదు రోజుల కోచింగులో ఇచ్చిన జిరాక్సు నోట్సులో సగం, ఫోన్లో వేగం పెంచి చూసిన కొన్ని వీడియోలు. మిగతాదంతా ఇంటర్నెట్లో ఎవరో రాసింది తెచ్చి అతికించుకోవడమే. పనిచేస్తే ఎందుకు పనిచేసిందని అడిగేదాన్ని కాదు. పనిచేయకపోతే ఇంకోచోట నుంచి ఇంకొకటి తెచ్చి అతికించేదాన్ని. ఇంటర్వ్యూలకు వెళ్ళేదాన్ని, వాళ్ళు మర్యాదగా నీళ్ళిచ్చి పంపేవాళ్ళు. తప్పు వాళ్ళదేనని నాకు గట్టి నమ్మకం.

మా మేనమామ మా ఊళ్ళోనే ఒక డాక్టరు గారి దగ్గర కాంపౌండరు. డాక్టరు గది గుమ్మం పక్కన ఒక చెక్క స్టూలు, దాని మీద ముప్పై ఏళ్ళుగా మావయ్య. పొద్దున్నే పల్లెల నుంచి మొదటి బస్సుకు వచ్చినవాళ్ళు తమ బదులు చెప్పులో, స్కానింగు కవర్లో, నీళ్ళ సీసాలో వరసలో పెట్టి టీ తాగడానికి పోతారు. మావయ్య ఆ చెప్పుల్ని చూసే ఎవరు ముందో ఎవరు వెనకో చెప్పి టోకెన్లిస్తాడు. తర్వాత ఒక్కొక్కరినీ పిలిచి బాధ అడిగి, పాత క్యాలెండరు కాగితం వెనక రాసి చీటీ లోపలికి పంపిస్తాడు.

ఆ అడగడం చూడాలి. "నొప్పండీ" అంటే ఒప్పుకోడు. "నొప్పంటే ఏందయ్యా? పోటా, సలుపా, మంటా, తిమ్మిరా? పీకుతందా, గుంజుతందా? కలుక్కుమందా, మెలిపెడతందా?" అని ఒక్కొక్కటీ అడిగి, అవతలివాడు కాసేపు కళ్ళు మూసుకుని తన ఒంట్లో వెతుక్కుని, "సలుపే అనుకుంటా బాబాయ్" అన్నాక గానీ రాయడు. ఆ తర్వాత, "ఎన్నాళ్ళ నుంచి?" అంటాడు. ఈ రెండు ప్రశ్నలు కాకుండా ఎవర్నీ గుమ్మం దాటనివ్వడు. చదివింది పదో తరగతే అయినా మందుల డబ్బాల్లో మడిచిపెట్టే సన్న అక్షరాల కాగితాలున్నాయే, వాటిని విప్పి, ఇస్త్రీ చేసినట్టు తొడ మీద సాపు చేసి, చివరి వరస దాకా చదువుతాడు. లోకంలో ఆ కాగితాలు చదివే మనిషిని నేను ఆయన్ని తప్ప ఇంకొకరిని చూడలేదు. అప్పట్లో నాకది పనిలేని పనిగా కనిపించేది.

పక్కవీధి ఆసుపత్రిలో కంప్యూటరు చీటీలు పెట్టారని మా డాక్టరు గారికీ పెట్టాలనిపించింది. "మా మేనకోడలుంది, ఇంజనీరింగు" అన్నాడు మావయ్య. డాక్టరు గారు ఒక వారం చూద్దామన్నారు. శనివారం దాకా సరిగ్గా నడిస్తే ఆ ఉద్యోగం నాది, మావయ్య ఇంటిదగ్గర విశ్రాంతి తీసుకోవచ్చు.

ఈ సంగతి మావయ్య మా ఇంటికొచ్చి, మజ్జిగ తాగుతూ చెప్పాడు. "నా స్టూలు నీకిప్పిస్తన్నానే అమ్మాయ్."

"మరి నువ్వేం చేస్తావు మావయ్యా?"

"నేనేంది, ఇంట్లో కూర్చుని టీవీ చూస్తా" అన్నాడు. ఆయన జీవితంలో ఒక్క సీరియలు కూడా పూర్తిగా చూసిన మనిషి కాదు. అది నాకు తెలుసు. అయినా వద్దనలేదు. రెండేళ్ళు ఖాళీగా ఉన్నదానికి అభిమానం ఉంటుంది గానీ అంత ఉండదు.

నాలుగు రోజుల్లో ప్రోగ్రాం రాసేశాను. తెర మీద బాధలన్నీ బటన్లు. రోగి చెప్పగానే బటన్ నొక్కితే పేరుతో సహా చీటీ ప్రింటవుతుంది. ఒకే బాధ రెండుసార్లు పడకుండా కూడా జాగ్రత్తపడ్డాను, అది నా తెలివికి గుర్తు. ఇంట్లో పరీక్ష చేసి చూశాను కూడా. ప్రోగ్రాం తెరవడం, తలనొప్పి అని నొక్కడం, చీటీ చూసుకోవడం, మూసేయడం. ఇరవైసార్లు చేసినా ఇరవైసార్లూ తలనొప్పే వచ్చింది. ఇంతకన్నా ఏం కావాలి?

మావయ్య తెర వంక చాలాసేపు చూశాడు. "సలుపు యాడుందే?"

"అన్నీ నొప్పే కదా మావయ్యా. మోకాలి నొప్పి అని ఉందిగా."

"అవునవును" అన్నాడు. "జ్వరమూ వడదెబ్బా రెండూ వేడే."

సోమవారం మొదలుపెట్టాం. మొదటి టోకెను నాదెండ్ల వైపు నుంచి వచ్చిన మిర్చి రైతు. మోకాలి నొప్పి. చీటీ వచ్చింది, లోపలికెళ్ళాడు, అంతా బ్రహ్మాండం. రెండో టోకెను ఒక పెద్దావిడ, దగ్గు. ఆమె చీటీలో మోకాలి నొప్పి, దగ్గు అని రెండు పడ్డాయి. నేను పొరపాటున రెండు బటన్లు నొక్కానేమో అనుకున్నాను. లోపలి నుంచి డాక్టరు గారి గొంతు వినిపించింది. "మోకాళ్ళు కూడా నొప్పులా?"

"అవునండీ బాబూ" అంది ఆవిడ. "నేను చెప్పకముందే కనుక్కున్నారే."

పల్నాడులో యాభై దాటిన ఆడమనిషికి మోకాళ్ళ నొప్పులు లేకుండా ఉంటాయా? నేను కూడా సరేననుకున్నాను. మూడో ఆయనకు మోకాలి నొప్పి, దగ్గు, కడుపుబ్బరం. నాలుగో ఆయనకు ఆ మూడూ, పైన చెవిపోటు. పదిహేనో టోకెను వచ్చేసరికి చీటీ మూరెడు పొడుగైంది. ఆయన పాపం కాలికి ముల్లు గుచ్చుకుని వచ్చిన మనిషి. చీటీ పట్టుకుని చదువుకుంటూ, చదువుతున్నకొద్దీ నీరసపడి, చివరికి గోడకు ఆనుకున్నాడు.

డాక్టరు గారు నన్ను లోపలికి పిలిచారు. "ఏంటమ్మా ఈ లిస్టు?"

నాకేం తెలుసు? నోటికొచ్చింది అనేశాను. "కంప్లీట్ హిస్టరీ సార్."

ఆయన కాసేపు ఆలోచించి, "గుడ్" అన్నారు. నాకు వెంటనే భయం పోయింది. సిగ్గు కూడా పోయిందని ఇప్పుడు తెలుస్తోంది.

తప్పు ప్రింటరుదని తేల్చుకున్నాను. పాత చీటీలు దాని బుర్రలో ఉండిపోతున్నాయని కేబులు మార్చాను, కాగితం చుట్ట మార్చాను, తిప్పి పెట్టి తట్టాను కూడా. మర్నాడు పొద్దున ప్రోగ్రాం తెరిస్తే మొదటి చీటీలో ఒకటే బాధ. చూశారా, బాగైపోయింది అనుకున్నాను. పదకొండయ్యేసరికి చీటీ మళ్ళీ నేల తాకుతోంది. మధ్యలో కరెంటు పోయి, వచ్చి, ప్రోగ్రాం కొత్తగా మొదలైతే మళ్ళీ ఒకటే బాధ. అప్పుడు చీటీ తీసుకున్నాయన, "కరెంటు పోయేసరికి మిషన్‌కి నీరసమొచ్చినట్టుందమ్మా, కాసేపాగి చూడు" అని సలహా ఇచ్చాడు. ఆగి చూశాను. ఎనిమిదిమంది పోయాక మిషన్ కోలుకుంది.

ఆ మంగళవారమే ఒక ముసలాయన చీటీలో ఇరవైరెండో వరస "నెల తప్పింది" అని పడింది. ఆయనకు చదువు రాదు. భార్య చదివించుకుంది. నేను చచ్చాననుకుని లేచి నిలబడ్డాను. ఆమె నా వంక చూడనే లేదు, మొగుడి వంక చూసింది. "నలభై ఏళ్ళ కాపురంలో ఒంట్లో ఎట్టుందో నాకొక్కమాట చెప్పలా. మిషన్‌కి మాత్రం అన్నీ చెప్పాడు" అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఆయన ఇరవైరెండో వరస సంగతి తనకు తెలియదనీ, మిగతావి నిజమేననీ బతిమాలుకుంటూ లోపలికెళ్ళాడు.

బుధవారానికి విషయం ఎడ్లపాడు దాకా పాకింది. మిషన్ ముఖం చూసి రోగం చెప్పేసిద్దంట. పైగా పొద్దున వెళ్తే ఒకటీ రెండే చెప్పిద్దంట, ఆలస్యమయ్యేకొద్దీ దానికి వేడెక్కి లోపలివన్నీ పట్టేసిద్దంట. ముప్పై ఏళ్ళుగా ముందు టోకెను కోసం కొట్టుకున్న జనం, ఆ రోజు వెనక టోకెను కోసం కొట్టుకున్నారు. వరసలో ముందున్న చెప్పుల్ని ఎవరివి వాళ్ళే తీసుకెళ్ళి చివర పెట్టుకుంటున్నారు. చివరున్నవాళ్ళు వాటి వెనక మళ్ళీ తమవి పెడుతున్నారు. ఆ చెప్పుల వరస వెనక్కి వెనక్కి జరుగుతూ గేటు దాటి రోడ్డెక్కింది. తొమ్మిదిన్నర దాకా గదిలో డాక్టరు గారున్నారు, బయట నూరుమంది ఉన్నారు, మొదటి టోకెను పుచ్చుకునే నాథుడు లేడు.

"ఒకటో నెంబరు ఎవరయ్యా?" అని మావయ్య అరుస్తున్నాడు. అందరూ చెట్టు వంకా ఆకాశం వంకా చూస్తున్నారు. ఆఖరికి ఒక ఆడమనిషి కసురుకుంది. "ఒక్క రోగం కోసం బస్సు ఛార్జీ పెట్టుకుని వస్తామా అన్నా?"

కంప్యూటరు బల్లకు చోటు చాలడంలేదని ఆ రోజే మావయ్య స్టూలు వరండాలో నీళ్ళ డ్రమ్ము పక్కకు మార్చమన్నారు. డాక్టరు గారు పేషెంట్ల రద్దీ చూసి సంబరంగా ఉన్నారు. "ఆదివారం నుంచి మీరు రానక్కర్లేదేమో పెద్దాయనా" అన్నారు. మావయ్య తలూపి, స్టూలు తానే మోసుకెళ్ళాడు. నేను తెర వంక చూస్తూ కూర్చున్నాను. నాకు అప్పటికి తెలుసు, ఏదో తప్పుందని. చెబితే నా ఉద్యోగం పోతుంది, చెప్పకపోతే మావయ్య స్టూలు పోతుంది. నేను చెప్పలేదు. అంతే, దానికి వేరే పేరు వెతకను.

గురువారం పన్నెండు గంటలప్పుడు క్వారీ లారీ నడిపే ఒకాయన వచ్చాడు. కండువాతో మెడ తుడుచుకుంటూ, "గ్యాసమ్మా, పట్టేసింది" అన్నాడు. గ్యాస్ బటన్ నొక్కాను. గ్యాస్ అప్పటికే పొద్దుటి జాబితాలో నాలుగో వరసలో ఉంది కాబట్టి కొత్తగా ఏమీ చేరలేదు. ముందాయనకు వచ్చిన చీటీయే ఈయనకూ వచ్చింది, పేరు తప్ప అక్షరం తేడా లేదు. ఛాతీనొప్పి దాంట్లో తొమ్మిదో వరస. అది పొద్దుటి నుంచీ అందరికీ తొమ్మిదో వరసే. చిన్నపిల్ల జలుబు చీటీలో కూడా ఉంది. నాలుగు రోజులుగా ఇవే వరసలు చూసి చూసి డాక్టరు గారు వాటి మీద కన్ను ఆనించడం మానేశారు. లారీ ఆయన చీటీ మడిచి జేబులో పెట్టుకుని, నీళ్ళు తాగడానికి డ్రమ్ము దగ్గరకు పోయాడు.

అక్కడ మావయ్య ఉన్నాడు.

గ్లాసందిస్తూ, అలవాటు కొద్దీ అడిగాడు. "ఏం ఇబ్బందయ్యా?"

"గ్యాసు బాబాయ్."

"గ్యాసంటే? మంటా? పోటా?"

"రెండూ కాదు" అన్నాడాయన. ఆగి, కళ్ళు మూసుకుని వెతుక్కున్నాడు. "బరువుగా ఉంది. బండ దించి పోయినట్టుంది. ఈ దవడ లాగుతంది."

"ఎన్నాళ్ళ నుంచి?"

"పొద్దుట్నుంచే."

మావయ్య ఆయన్ని పట్టుకుని స్టూలు మీద కూర్చోబెట్టాడు. జేబులోంచి క్యాలెండరు కాగితం తీసి ఒక్క వరస రాశాడు. టోకెను లేకుండా, తలుపు తట్టకుండా, లోపలున్న పేషెంటును పక్కకు జరిపి ఆ కాగితం డాక్టరు గారి చేతిలో పెట్టాడు. ముప్పై ఏళ్ళలో ఆయన అలా చేయడం అదే మొదలట. "ఛాతీ మీద బరువు, ఎడమ దవడ లాగుడు, చెమట, పొద్దుటి నుంచి." డాక్టరు గారు ఆ ఒక్క వరస చదివి కుర్చీలోంచి లేచి పరిగెత్తుకొచ్చారు. ఈసీజీ తీసి, మాత్రలు వేసి, పది నిమిషాల్లో పెద్దాసుపత్రికి ఎక్కించారు. అంబులెన్సు కదిలాక చూస్తే ఆయన చీటీ వరండాలో పడి ఉంది. దాంట్లో ముప్పైఒక్క బాధలున్నాయి. ఆయన బాధ కూడా ఉంది. అయినా అది ఎవరికీ కనబడలేదు.

ఆ సాయంత్రం పేషెంట్లు పోయాక వాళ్ళ బెంచీ మీదే కూర్చుని, పైథాన్ తయారుచేసినవాళ్ళే ఉచితంగా పెట్టిన పాఠాన్ని ఫోన్లో మొదటి నుంచి చదవడం మొదలుపెట్టాను. రెండేళ్ళలో మొదటిసారి. వీడియోలో అయితే ఆ భాగాన్ని వేగంగా దాటించేసి ఉంటాను. నా తప్పు సంగతి అక్కడ ఉంది. "ముఖ్యమైన హెచ్చరిక" అని పెట్టి మరీ రాశారు. వెతకాల్సిన పని కూడా లేదు, పాఠం మొదలైన కొద్దిసేపటికే ఉంది.

జరిగింది ఇదీ. చీటీ తయారుచేసే ప్రోగ్రాం ముక్కలో, అంటే ఫంక్షన్‌లో, నేనొక సౌకర్యం పెట్టుకున్నాను: జాబితా ఏదీ ఇవ్వకపోతే ఖాళీ జాబితా తీసుకో అని. రోగి వచ్చిన ప్రతిసారీ కొత్త ఖాళీ జాబితా పుడుతుందని నా ఊహ. పైథాన్ అలా చేయదు. ప్రోగ్రాం మొదలైనప్పుడు ఒక్కటంటే ఒక్కసారి ఆ ఖాళీ జాబితా చేసి పక్కన పెట్టుకుంటుంది. ఆ తర్వాత ఎవరొచ్చినా అదే అందిస్తుంది. ముందువాళ్ళు రాసింది దాంట్లో ఉంటే ఉన్నట్టే. నేను ప్రోగ్రాం తెరిచినప్పుడల్లా ఒక్క రోగితోనే మూసేస్తూ ఇరవైసార్లు పరీక్షించాను కదా, రెండో రోగిని పిలిచి ఉంటే ఇంట్లోనే తెలిసేది.

మావయ్య అక్కడే స్టూలు తుడుచుకుంటున్నాడు. మొత్తం చెప్పాను.

"అంటే" అన్నాడు, "మనిషికో చీటీ రాయకుండా, అందరికీ ఒకటే చీటీ మీద రాసుకుంటా పోయావన్నమాట."

"అవును."

"ఆ ముక్క పుస్తకంలో ఉందా?"

"ఉంది."

"మరి చదవలా?"

లేదని తల అడ్డంగా ఊపాను. ఆయన తిట్టకుండా మళ్ళీ స్టూలు తుడుచుకోవడంలో పడ్డాడు. అదే కష్టంగా అనిపించింది.

ప్రోగ్రాంలో రెండు వరసలు మార్చాను, తప్పు పోయింది. శుక్రవారం పొద్దుటి నుంచీ ఎవరి బాధ వాళ్ళకే పడింది, ఒక్క అక్షరం ఎక్కువ లేదు. నా జీవితంలో నేను సరిగ్గా రాసిన మొట్టమొదటి ప్రోగ్రాం అది. పదింటికల్లా గొడవ మొదలైంది.

"నిన్న మా తోడికోడలికి పద్దెనిమిది వచ్చినయ్. నాకొక్కటేనా?" అని ఒకావిడ చీటీ బల్ల మీద కొట్టింది.

"మీరు చెప్పింది ఒకటే కదమ్మా."

"నేను చెప్పేదానికి నీ మిషనెందుకు?"

మిషన్ పాడైందని మధ్యాహ్నానికి ఊరంతా తెలిసిపోయింది. కరెంటు తీసి పెట్టమన్నారు, కాసేపు వేడెక్కనిమ్మన్నారు. ఒకాయన ఊదుబత్తి కూడా వెలిగించాడు. సాయంత్రానికి నా బల్ల ముందు ఎవరూ లేరు. జనమంతా వరండాలో నీళ్ళ డ్రమ్ము దగ్గరున్నారు. "ఈయన మేలు, ఇన్ని రకాలుగా అడుగుతాడు" అని అక్కడ చెప్పులు వరస పెట్టుకుంటున్నారు. తప్పుల తడకగా ఉన్నన్నాళ్ళూ దండం పెట్టిన మిషన్‌ని, సరిచేసిన రోజున వదిలేశారు.

శనివారం సాయంత్రం డాక్టరు గారికి నిజం చెప్పాను, అందరికీ ఒకే జాబితా ఎలా వెళ్ళిందో. ఆయన ముఖం ఎర్రబడింది. నన్ను కాదు, మావయ్యను అడిగారు. "ఏమంటారు పెద్దాయనా? తీసేద్దామా?"

తీసేయమంటే మావయ్య స్టూలు మావయ్యకే ఉంటుంది. ఆ మాట అనడానికి ఆయనకు అన్ని హక్కులూ ఉన్నాయి. నేను నేల చూస్తూ నిలబడ్డాను.

"మిషన్ తప్పేం లేదండీ" అన్నాడు మావయ్య. "అది చెప్పినట్టే చేసింది. దాని భాష సరిగా తెలవకుండా మా అమ్మాయి దానికి చెప్పింది. నేనడుగుతా, మా అమ్మాయి రాసిద్ది. కొన్నాళ్ళు చూడండి."

డాక్టరు గారు ఒప్పుకున్నారు. స్టూలు మళ్ళీ గుమ్మం పక్కకు వచ్చింది, దాని పక్కన నాకో ప్లాస్టిక్ కుర్చీ. సలుపుకో బటన్, పోటుకో బటన్, లాగుడుకో బటన్ పెట్టాను. బరువుకు ఎర్ర బటన్. లారీ ఆయన నెలాఖరుకు నడుచుకుంటూ వచ్చి, మావయ్యకు దండం పెట్టి, నా మిషన్ వంక అనుమానంగా చూసి వెళ్ళాడు.

కానీ ఆ శనివారం ఇంకోటి జరిగింది. డాక్టరు గారు వెళ్ళిపోయాక నేను బ్యాగు సర్దుకుంటుంటే మావయ్య ఒక టోకెను నా చేతిలో పెట్టి, బెంచీ చూపించాడు. వేళాకోళమనుకున్నాను. ఆయన ముఖంలో వేళాకోళం లేదు. కూర్చున్నాను.

"ఏం ఇబ్బంది?" అని అడిగాడు, అందర్నీ అడిగినట్టే.

తలనొప్పి అనబోయాను. ఆయన ఒప్పుకోడని గుర్తొచ్చింది. కళ్ళు మూసుకుని వెతుక్కున్నాను. "నాకు వచ్చు అని చెప్పుకుంటున్నది నాకు రాదు మావయ్యా."

"ఎన్నాళ్ళ నుంచి?"

"రెండేళ్ళ నుంచి."

క్యాలెండరు కాగితం మీద ఆ మాటలు ఉన్నవున్నట్టుగా రాశాడు. రాసింది ఒకసారి చదువుకుని నా వంక చూశాడు.

"ఇంకేమన్నా ఉన్నయ్యా, ఇదొక్కటేనా?"

"ఇదొక్కటే."

"ఒకటైతే తగ్గిద్దిలే" అని ఆ కాగితం నా చేతికిచ్చాడు.